దారం లేని మొక్క

కడియపులంకలో మా మడి అర ఎకరం.
పన్నెండు వరసలు కనకాంబరాలు,
పదమూడోది నా పిచ్చి.

లారీకెక్కేవి వేరు.
నల్ల సంచుల్లో ఒండ్రుమట్టి కుక్కి
వందల లెక్కన, వేల లెక్కన అవి వెళ్లిపోతాయి.
పదమూడో వరస ఎవరికీ అమ్మను.
అక్కడ పెళ్లిళ్లు చేస్తాను.

రేపు విచ్చుకోబోయే మొగ్గని
ఇవాళ సాయంత్రమే పట్టుకోవాలి.
అది నూకరత్నం కంటికే కనిపిస్తుంది.
గోటితో గొట్టం చీల్చి
లోపలి పుప్పొడి తిత్తులు తీసేస్తుంది,
చంటిదాని కంట్లో నలుసు తీసినట్టు.
తెల్లారి పాలవాడి సైకిలు గంటకి ముందే
పక్క వరస పసుపుపువ్వు పుప్పొడిని
సూదిమొన మీద తెచ్చి కీలం కొసకి అంటిస్తుంది.
నేను దారం కడతాను.

ఎర్ర దారం: తల్లి నాటుది, తండ్రి పసుపు.
పచ్చ దారం: తల్లి పసుపు, తండ్రి నాటుది.
నీలం దారం గురించి అడక్కండి,
అది ఢిల్లీ కనకాంబరంతో నే పడ్డ పాట్లు.
మూడేళ్లు కట్టాను, ఒక్క కాయా నిలవలేదు.
"గొడ్డు చెట్టండీ, అందుకే అంత పూస్తాది"
అంది నూకరత్నం ఓసారి.
అని, మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు.

నా కోరిక పెద్దదేం కాదు.
దోరబొప్పాయిని కోస్తే
గింజల పక్కన కనిపించే ఆ రంగు,
అది రేకులోకి రావాలి.
వాసన అడగను.
కనకాంబరానికి వాసన తెస్తానన్నవాళ్లు
మా ఊళ్లో ఇద్దరుండేవారు,
ఒకాయన ఇప్పుడు రొయ్యల చెరువులు చూసుకుంటున్నాడు.
రెండో ఆయన ఇటుకేసి రాడు.

ఈ కాయ సంగతి మీకు తెలుసో లేదో.
ఎండి, కంకిలో బుద్ధిగా కూర్చుంటుంది.
ఒక్క నీటిచుక్క తగిలిందా,
టప్పున పేలి గింజని బారెడు దూరం విసిరేస్తుంది.
అందుకే పాత పంచెలు చింపి
కంకి కంకికీ సంచి తొడుగుతాం.

మొన్నటేడు శ్రావణంలో
ధవళేశ్వరం దగ్గర రెండో హెచ్చరిక ఎగరేసిన రాత్రి
గాలి ఆ సంచుల్ని ఊడబెరుక్కుపోయింది.
వెనకే వాన.
టార్చి పట్టుకుని మోకాలిలోతు చీకట్లో నిలబడ్డాను.
టప్. టప్ టప్. టప్.
రెండేళ్ల దారాలు నా కాళ్ల చుట్టూ పేలిపోతున్నాయి.
ఒక గింజ వచ్చి చెంపకి తగిలింది.

నెల తిరక్కుండా మొలిచాయి,
కాలిబాటలో, మురుగుబోదె గట్టున,
నూకరత్నం చెప్పులు విప్పుకునే చోట.
పుస్తకంలో నలభై పేజీలున్నాయి,
తల్లి గడి, తండ్రి గడి, తేదీ, దారం రంగు.
మొలిచినవాటికి మాత్రం ఏ దారమూ లేదు.
"పీకి పారెయ్ బావా,
పుట్టుక తెలీని మొక్కతో మనకేం పని" అన్నాడు మా తాతబ్బాయి.
నేను అవునన్నాను కూడా.
మర్నాడు చూస్తే
చిరుగు సంచుల్లో, పగిలిన కుండీల్లో
నూట పద్దెనిమిది మొక్కలు వరసగా నీడన ఉన్నాయి.
ఎవరు నాటారని నేనడగలేదు, తనూ చెప్పలేదు.

నూట పదిహేడు మామూలువే.
ఒక్కటి, మార్గశిరంలో,
మంచు ఇంకా ఆకు మీదుండగా విప్పింది.
బొప్పాయి రంగే.
నేనడగని సన్నటి తెల్ల అంచు కూడా.

పరిశోధనా కేంద్రం నుంచొచ్చిన కుర్రాడు
తెల్ల కాగితం తీసి, పెన్ను విదిలించి
"తల్లిదండ్రులు?" అన్నాడు.
నేను కాలవకేసి చూశాను.
"ఆ గడిలో వాన అని రాసుకోండి" అంది నూకరత్నం.
కుర్రాడు నవ్వాడు. రాయలేదు.
నేనైనా రాయను,
నా పుస్తకంలో ఇంతవరకు అబద్ధం లేదు.

పదకొండు కొమ్మలు నాటితే నాలుగు వేరు పట్టాయి.
నులిపురుగుకి ఆగుతుందో లేదో
వచ్చే వేసవికి గానీ తెలీదు.
ఈ సాయంత్రం తను దాని మొగ్గనే చీలుస్తోంది.
ఏ రంగు కడతారండీ అని అడుగుతోంది.
దర్జీ దగ్గర తెచ్చిన రంగులన్నీ
ఎప్పుడో అయిపోయాయి.